కట్టకముందే కూర్చుని లెక్క చూడాలి

కోరుట్ల, జగిత్యాల వైపు ఈ మధ్య ఏ కూడికకు వెళ్లినా, ప్రార్థన ముగిసి టీ గ్లాసులు చేతికి రాగానే మాట రోడ్డు మీదికి మళ్లుతోంది. ఆర్మూరు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి మంచిర్యాల చేరే 63వ నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదన ఉంది. ఎకరాకు ఎంత ఇస్తారని భూమి పోయే రైతు అడుగుతున్నాడు. బైపాస్ ఊరికి ఏ పక్కన పడుతుందోనని దుకాణదారు ఆలోచిస్తున్నాడు. సిరిసిల్ల, వేములవాడ వైపు ఇదే ముచ్చట మనోహరాబాద్–కొత్తపల్లి రైలు మార్గం గురించి నడుస్తోంది. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. రోడ్డు వద్దనే మనిషి నాకైతే ఇంతవరకు తారసపడలేదు. రాత్రిపూట జగిత్యాల నుండి కరీంనగర్ ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్లినవారెవరూ అలా అనలేరు.

అయితే ఈ మాటల్లో ఒక లెక్క ఎప్పుడూ రాదు. ఆ దారికి అడ్డంగా రాత్రిపూట ఏ జీవులు దాటుతున్నాయి? ఏ గుట్ట నుండి ఏ వాగుకు నీళ్లకు వస్తున్నాయి? దారి వెడల్పయ్యాక అవి ఎటు పోతాయి? "మనుషుల లెక్కే సరిగ్గా తేలలేదు, జంతువుల లెక్క ఎవరికి కావాలి, పాస్టరుగారూ?" అని ఒక పెద్దాయన నవ్వుతూ అన్నారు. మిడ్ మానేరు కింద ఇల్లు మునిగిన ఊరివారు ఆయన. ఆ నవ్వులో నిజం ఉంది కాబట్టి దాన్ని దాటవేయను, కిందికి వచ్చాక మళ్లీ చూద్దాం.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టబోయే మనిషి గురించి చెప్పాడు. శిష్యత్వానికి చెల్లించాల్సిన వెల గురించి చెబుతూ తెచ్చిన పోలిక అది. అక్కడి గ్రీకు క్రియకు మూలం గులకరాయి అనే పదం. ఆ కాలంలో గులకరాళ్లు పేర్చి లెక్క కట్టేవారు. ఆ మనిషి ముందు కూర్చుంటాడు, రాళ్లు పేర్చుకుంటాడు, ఆ తరువాతే పునాది. ఈ వరుసను తిరగేస్తే లోకులు నవ్వుతారని ప్రభువు అన్నాడు. ఆ వాక్యానికి అసలు అర్థం వేరే ఉన్నా, ఆయన తీసుకున్న ఉదాహరణ మాత్రం ఊళ్లో మేస్త్రీకి కూడా తెలిసిన ఇంగితమే. మన దేశపు చట్టం కూడా ఇదే ఇంగితాన్ని ఒక పద్ధతిగా రాసుకుంది. దాని పేరు పర్యావరణ ప్రభావ మదింపు.

ఈ పద్ధతి 1994లో మొదలైంది. ఇప్పుడు అమలులో ఉన్నది 2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రకటన. దానికి ఆధారం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. పెద్ద డ్యామ్, గని, విద్యుత్ కేంద్రం, పెద్ద రహదారి వంటివి మొదలుపెట్టే ముందు ప్రాజెక్టు పెట్టేవారు కేంద్రానికో, రాష్ట్ర స్థాయి అథారిటీకో దరఖాస్తు చేయాలి. ఏయే అంశాలు చదవాలో నిపుణుల కమిటీ నిర్ణయిస్తుంది. ఆ ప్రకారం అధ్యయనం జరిగి ముసాయిదా నివేదిక వస్తుంది. దాని మీద జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. ప్రజలు చెప్పినదానికి జవాబులు కలిపి తుది నివేదిక పంపితే, కమిటీ పరిశీలించి అనుమతి ఇవ్వమనో వద్దనో సిఫారసు చేస్తుంది. అనుమతి చేతికి వచ్చాకే తట్ట, పార పట్టాలి. కాగితం మీద ఇది చక్కని వరుస.

జాబితాలో ఏముంది, ఏం లేదు అన్నది కూడా తెలుసుకోవాలి. కొత్తగా వేసే జాతీయ రహదారికి ఈ అనుమతి తప్పనిసరి. ఉన్న రహదారిని విస్తరించేటప్పుడు మాత్రం 2013లో ఒక సడలింపు వచ్చింది. విస్తరణ 100 కిలోమీటర్లు దాటాలి, అదనంగా తీసుకునే భూమి వెడల్పు పాత దారి వెంట 40 మీటర్లకు, కొత్త మలుపులు, బైపాస్‌ల దగ్గర 60 మీటర్లకు మించాలి. అప్పుడే అనుమతి అవసరం. రైలు మార్గమైతే ఆ జాబితాలో లేనే లేదు. పట్టాలు అటవీ భూమిలోంచి పోతే అటవీ అనుమతి, అభయారణ్యంలోంచి పోతే వన్యప్రాణి బోర్డు అనుమతి కావాలి. లేకపోతే ఎవరూ అడగరు. జంతువుకు మాత్రం ఇది అడవి, ఇది పట్టా భూమి అనే తేడా తెలియదు. గుట్ట దిగి చెల్క దాటి కుంటకు వస్తుంది, అంతే.

ఇక నివేదికలో జీవజాలం గురించిన అధ్యాయానికి వద్దాం. అసలు సంగతి అక్కడే ఉంటుంది, చాలామంది తిప్పేసే పేజీలు కూడా అవే. మామూలుగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల మేర చూస్తారు. ఆ పరిధిలో ఏ చెట్లున్నాయి, ఏ పక్షులున్నాయి, ఏ జంతువులున్నాయి అని పట్టిక ఇస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జీవి ఏదైనా కనబడితే దాని కోసం ప్రత్యేక సంరక్షణ ప్రణాళిక రాయాలి. మన ప్రాంతంలో చూస్తే చిరుత, ఎలుగుబంటి, అలుగు, నెమలి ఈ షెడ్యూలులోనివే. నెమళ్లు కనబడని ఊరు మన జిల్లాల్లో ఎన్ని ఉంటాయి?

పట్టిక ఉన్నంత మాత్రాన లెక్క జరిగినట్టు కాదు. ఎప్పుడు చూశారన్నది మొదటి పరీక్ష. నదీలోయ ప్రాజెక్టులకు మూడు కాలాల వివరాలు అడుగుతారు గాని, చాలా ప్రాజెక్టులకు వానాకాలం కాని ఒక్క కాలపు వివరాలు చాలంటారు. మార్చి నుండి మే వరకు మూడు నెలలు తిరిగి వెళ్లినవారికి వానాకాలంలో కుంటల చుట్టూ చేరే కప్పలు, పాములు కనబడవు. శీతకాలంలో శ్రీరాంసాగర్ వెనుక నీళ్ల అంచుకు దూరదేశాల నుండి దిగే పక్షులు కనబడవు. ఎలా చూశారన్నది రెండోది. పగలు జీపులో తిరిగినవారికి ఎలుగుబంటి ఎదురుపడదు. రాత్రి కదిలే జీవులను పట్టుకోవాలంటే దారుల్లో కెమెరా ట్రాప్‌లు కట్టాలి, పాదముద్రలు, పెంటికలు వెదకాలి, నీటి చెలమల దగ్గర కాపు కాయాలి. ఒకే దారిలో నిర్ణీత దూరం పదే పదే నడిచి, ఎంత దూరంలో ఏది కనిపించిందో రాసుకోవాలి. దీనికి నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

ఎవరిని అడిగారన్నది మూడోది. గొర్రెలు కాసే గొల్లకుర్మలకు ఏ ఒర్రెలో తోడేలు తిరుగుతుందో తెలుసు. చేపలు పట్టేవారికి నీటికుక్క ఏ మడుగులో ఉంటుందో తెలుసు. బీడీ ఆకు కోసం అడవికి వెళ్లే ఆడవాళ్లకు ఎలుగుబంటి పిల్లలతో ఎక్కడ పడుకుంటుందో తెలుసు. తెలియకపోతే ప్రాణాలే పోతాయి. వీళ్ల పేర్లు, మాటలు ఆ నివేదికల్లో అరుదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ నివేదిక రాసే సంస్థకు డబ్బు ఇచ్చేది ప్రాజెక్టు పెట్టేవారే. కొలిచేవాడికి కూలి ఇచ్చేది అమ్మేవాడే అయితే తూకం ఎటు మొగ్గుతుందో అంగడికి పోయిన ప్రతివారికీ తెలుసు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గనికి ఇచ్చిన నివేదికలో రష్యాలోని గనికి సంబంధించిన వివరాలు దొరికాయి. ఎక్కడో ఉన్న కాగితాన్ని తెచ్చి అతికించారన్నమాట. అందరూ అలాంటివారని అనను. మంచి జీవశాస్త్రవేత్తలు, నిజాయతీగా పనిచేసే సంస్థలు ఉన్నాయి. కానీ చదివేవాడు లేనప్పుడు రాసేవాడికి భయం ఉండదు.

ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు జంతువులను, పక్షులను ఆదాము ఎదుటికి తెచ్చాడు. ఒక్కొక్కదానికి పేరు పెట్టడం మనిషికి అప్పగించిన మొదటి పనుల్లో ఒకటి. పేరు పెట్టాలంటే చూడాలి, ఒకదాన్ని మరొకదానితో వేరు చేసి గుర్తుపట్టాలి. అదే అధ్యాయంలో తోటను సాగుచేయమని, కాపాడమని రెండు పనులు చెప్పాడు. ఆ రెండు హెబ్రీ క్రియలు, అబద్, షామర్ అనేవి, మళ్లీ జంటగా సంఖ్యాకాండము 3వ అధ్యాయంలో లేవీయులు ప్రత్యక్షపు గుడారములో చేసే సేవకు వాడారు. తోటమాలి పనికీ యాజక సేవకూ లేఖనం ఒకే మాటలు వాడిందంటే మనం ఆలోచించాలి. ఏలుబడి అనే ఒక్క మాట పట్టుకుని, సృష్టి అంతా మన ఇష్టమని బోధించినవారు ఈ రెండో అధ్యాయాన్ని తొందరగా దాటేశారు.

లెక్క ఆలస్యమైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. కాళేశ్వరం ఎత్తిపోతల పథకానికి 2016 మే 2న కన్నెపల్లి దగ్గర శంకుస్థాపన జరిగింది. ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది 2017 ఆగస్టులో. పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబరు 22న. అంటే శంకుస్థాపనకూ అనుమతికీ మధ్య పంతొమ్మిది నెలలు దాటింది. అప్పటికే పనులు సాగుతున్నాయి. ఇవి తాగునీటి పనులే, సాగునీటి భాగం అనుమతి వచ్చాకే చేస్తామన్నది ప్రభుత్వం వాదన. తాగునీటి పథకానికి ఈ అనుమతి అక్కరలేదు కాబట్టి ఆ వాదన వచ్చింది. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం అయింది. 2020 అక్టోబరు 20న ఢిల్లీలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. తాగునీటి వాదనను అది ఒప్పుకోలేదు. పనులు ముందు చేసి అనుమతి తరువాత తెచ్చుకోవడం చట్ట విరుద్ధమన్నది. జరిగిన నష్టం ఎంతో, దాన్ని ఎలా పూడ్చాలో చెప్పడానికి ఏడుగురు నిపుణులతో కమిటీ వేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. రోజుకు రెండు టీఎంసీల నుండి మూడుకు పెంచే పనులకు వేరే అనుమతి తెచ్చుకోవాలన్నది.

ఈ పథకం మనకు ఎంత దగ్గరో సిరిసిల్ల పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇల్లంతకుంట మండలంలోని అనంతగిరి జలాశయం, కోనరావుపేట మండలంలోని మల్కపేట జలాశయం దాని భాగాలే. అంతకు ముందు ఎప్పటినుండో కడుతూ వచ్చిన మిడ్ మానేరు కూడా దాని నీళ్ల దారిలో పడింది. మొత్తం పథకానికి సుమారు 3,168 హెక్టార్ల అటవీ భూమి పోయింది. ఎకరాల్లో చెబితే 7,800 పైచిలుకు. ఈ నీళ్లతో పండిన పంటను తక్కువ చేసి మాట్లాడను. యాసంగిలో సిరిసిల్ల పొలాల్లో నీళ్లు నిలవడం చూసి దేవునికి స్తోత్రం చెల్లించిన రైతులు మన సంఘాల్లోనే ఉన్నారు. కానీ ప్రశ్న అది కాదు. ఆ 7,800 ఎకరాల్లో ఏ జీవులున్నాయో మూడు కాలాలు చూసి, ఏ గుట్టను వదలాలో, కాలువ మీద ఎక్కడ దాటే వంతెన పెట్టాలో తేల్చవలసినది కాంట్రాక్టరు యంత్రాలు దిగకముందే. యంత్రాలు దిగాక రాసిన లెక్క, ఏమైనా మార్చగలిగే లెక్క కాదు. అప్పటికి గోపురం సగం లేచింది.

కాలువ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నివేదికల్లో జలాశయం గురించి నాలుగు మాటలు ఉంటాయి గాని కాలువ గురించి ఉండవు. శ్రీరాంసాగర్ నుండి జగిత్యాల జిల్లా మీదుగా మిడ్ మానేరుకు వచ్చే వరద కాలువను గుర్తుచేసుకోండి. మనిషికి అది నీళ్లదారి. దుప్పికి, అడవిపందికి, ఎలుగుబంటికి అది కిలోమీటర్ల కొద్దీ గోడ. ఏటవాలు గట్ల మధ్య లోతుగా నీళ్లు పారే కాలువలో దిగిన జంతువు తిరిగి ఎక్కలేదు. ముందే ఆలోచిస్తే పరిష్కారం చాలా చిన్నది. అక్కడక్కడ గరుకు మెట్లు లేదా ర్యాంపు, అడవి దగ్గర మట్టి కప్పి గడ్డి పెంచిన వెడల్పాటి వంతెన. కట్టేటప్పుడు పెడితే మొత్తం ఖర్చులో కనబడనంత. కట్టాక పెట్టాలంటే కాలువ ఆపాలి.

ముందు లెక్క చూస్తే ఏం సాధ్యమో చెప్పే ఉదాహరణ కూడా మన దారిలోనే ఉంది. 63వ రహదారి ఆర్మూరు దగ్గర 44వ జాతీయ రహదారిని కలుస్తుంది. అక్కడి నుండి ఉత్తరానికి నిర్మల్, ఆదిలాబాద్ దాటి నాగపూర్ మీదుగా వెళ్తే ఆ రోడ్డు పెంచ్ పులుల అభయారణ్యాన్ని తాకుతుంది. విస్తరణ అక్కడ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. చివరికి భారత వన్యప్రాణి సంస్థ నిపుణుల సూచనలతో మహారాష్ట్ర భాగంలో రోడ్డును పైకి లేపి, కింద జంతువులు నడిచేలా తొమ్మిది మార్గాలు కట్టారు. కొన్ని 50 మీటర్ల వెడల్పు, పెద్దవి 750 మీటర్లు. 2019 మార్చి నుండి డిసెంబరు వరకు ఆ సంస్థ కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు వాటి కింద నడిచాయి. 11 పులులు 89 సార్లు దాటాయి. పైన లారీలు పోతూనే ఉన్నాయి. అక్కడ రోడ్డూ మిగిలింది, పులీ మిగిలింది. అవి ఎక్కడ పెట్టాలో ముందే లెక్క కట్టడం వల్ల అది జరిగింది. ఒక కిలోమీటరు అటో ఇటో పెడితే పులి రాదు.

మన 63వ రహదారి రాయపట్నం దగ్గర గోదావరి దాటగానే లక్షెట్టిపేట. అక్కడికి పడమట జన్నారం, కవ్వాల పులుల అభయారణ్యం. 2012లో దాన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కేంద్ర భాగం సుమారు 892 చదరపు కిలోమీటర్లు, చుట్టూ రక్షక ప్రాంతం సుమారు 1,123. కవ్వాల అడవికి పులులు మహారాష్ట్రలోని తాడోబా నుండి కాగజ్‌నగర్ మీదుగా నడిచి వస్తాయి. పులుల అభయారణ్యాలను కలిపే ఇలాంటి దారులకు కూడా వన్యప్రాణి చట్టంలో రక్షణ ఉంది. జాతీయ వన్యప్రాణి బోర్డు ఆమోదం, జాతీయ పులుల సంరక్షణ అథారిటీ సలహా లేకుండా వాటిని ఇతర పనులకు మళ్లించరాదు. అందుకే గోదావరికి ఈవల ఉన్న జగిత్యాల జిల్లా పని అయినా, లెక్క మాత్రం ఆవలి ఒడ్డును కూడా చూడాలి.

ఇప్పుడు ఆ పెద్దాయన నవ్వుకు జవాబు. కొదురుమొంజ... కాదు, మా వైపు నోట పలికేటట్టు చెప్పాలంటే కొడుముంజ, అనుపురం, రుద్రవరం, చింతల్‌ఠాణా వంటి ఊళ్లు మిడ్ మానేరులో కలిసిపోయాయి. ఆ ఇళ్లవారి పరిహారాల గొడవ ఏళ్లు నడిచింది. మనిషి లెక్క తేలకుండా నక్క లెక్క చూడమంటే కోపం రాదా? వస్తుంది. అయితే ఈ రెండు లెక్కలూ ఒకే చోట తప్పుతున్నాయి. ముందు కూర్చోకపోవడం వల్లనే నిర్వాసితుని లెక్కా పోయింది, అడవి లెక్కా పోయింది. జీవుల అధ్యాయాన్ని ఎక్కడినుండో తెచ్చి అతికించినవాడు, పునరావాసపు అధ్యాయాన్ని కూర్చుని శ్రద్ధగా రాసి ఉంటాడని నేను నమ్మను.

తిరగేసి చూసినా అంతే. 2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం కవ్వాలను తాడోబాతో కలిపే అడవులను, దాదాపు 1.49 లక్షల హెక్టార్లను, కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది. ఆదివాసీలు తమను అడగలేదని లేచారు. జూలైలో జీవోను నిలిపివేశారు. పులి కోసమైనా సరే, అక్కడ బతికే మనుషులను వదిలేసిన లెక్క నిలబడలేదు.

రైతు కోపానికి ఇంకో కారణం ఉంది, అది రోజూ చూసేది. మక్క చేను కోతకు వచ్చేసరికి అడవిపందులు తొక్కేస్తాయి. కోతులు కూరగాయలను, ఇంటి పెంకులను వదలవు. వాటికి రక్షణ గురించి మాట్లాడే పాస్టరు ఒక రాత్రి మంచె మీద పడుకుని చూడాలని అంటారు, సరైన మాటే. కానీ ఆ పందులు చేనుకు ఎందుకు దిగుతున్నాయి? గుట్టలు తవ్వినప్పుడు, అడవి ముక్కలైనప్పుడు, వాటిని తినే చిరుత పోయినప్పుడు, చేను అంచే వాటి ఇల్లయింది. ప్రాజెక్టు పెట్టేటప్పుడు జంతువు ఎటు తిరుగుతుందో చూడకపోతే, ఆ బిల్లు తరువాత మక్క రైతుకు వస్తుంది. చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ కట్టి, దానికే మనిషి బలైన ఇళ్లకు మనలో ఎంతోమంది కాపరులు వెళ్లి ఓదార్పు కూడికలు చేశారు. ఆ చావులను కూడా ఈ పుస్తకంలోనే రాయాలి.

గుట్టల మాట వచ్చింది కాబట్టి గ్రానైట్ గురించి. కొడిమ్యాల, గంగాధర వైపు గుట్టలు ఎలుగుబంట్లకు, చిరుతలకు గూళ్లు. బండల మధ్య గుహలు, పైన సీతాఫలం పొదలు, కింద వాగు. ఒక్కొక్క క్వారీ చిన్నది. ఒక్కొక్కదాని కాగితాల్లో "ప్రభావం స్వల్పం" అని రాయవచ్చు, అది అబద్ధం కాకపోవచ్చు కూడా. కానీ వరుసగా పది గుట్టలు తవ్వితే పదిసార్లు స్వల్పం కలిసి ఏమవుతుందో ఏ కాగితమూ చెప్పదు. చట్టం 5 హెక్టార్ల లోపు లీజులను వదిలేసిన కాలంలో పెద్ద లీజులను ముక్కలు చేసే అలవాటు వచ్చింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో దీన్ని గమనించి, చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలన్నది. ఒకే ప్రాంతంలోని పనులన్నిటినీ కలిపి చూసే లెక్కనే నిపుణులు సంచిత ప్రభావం అంటారు. మన జిల్లాల్లో రోడ్డు, రైలు, కాలువ, క్వారీ నాలుగూ ఒకే గుట్టల చుట్టూ వస్తున్నాయి. నాలుగింటి నివేదికలను ఒక బల్ల మీద పెట్టి చూసే అధికారి ఎవరు? ఈ ప్రశ్నను ఎవరైనా అడగాలి.

నష్టానికి బదులు మొక్కలు నాటుతామని ప్రతి నివేదికలో ఉంటుంది. నాటాలి, మంచిదే. కానీ అడవి అంటే చెట్ల సంఖ్య కాదు. ఎలుగుబంటికి కావలసినది గుహ, పుట్ట, ఇప్పపువ్వు, రాత్రి నీళ్లు. ఇంకో జిల్లాలో వరుసగా నాటిన మొక్కల్లో దానికి ఇవేమీ దొరకవు.

న్యాయస్థానాలలో కూడా ఈ "ముందా, తరువాతా" అన్న తగవు ఇంకా తెగలేదు. 2025 మార్చి చివర హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు నరకడం మొదలై, కొద్ది రోజుల్లోనే దాదాపు 100 ఎకరాలు చదునైంది. నెమళ్ల అరుపులు, జింకల పరుగు దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు పనులు ఆపి, పర్యావరణ ప్రభావ మదింపు చేశారా అనే అడిగింది. అదే ఏడాది మే 16న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం, పని అయ్యాక ఇచ్చే అనుమతులు చెల్లవని వనశక్తి కేసులో తీర్పు చెప్పింది. నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరొకవైపు, ఒకరొకవైపుగా ఆ తీర్పును వెనక్కు తీసుకుంది. కట్టినవి కూల్చితే ప్రజాధనం నష్టమన్నది మెజారిటీ ఆందోళన. ఒప్పుకోని ఆ ఒక్కరు జస్టిస్ భూయాన్, మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. మెజారిటీ వాదనలో బలం ఉంది. కట్టిన ఆసుపత్రిని కూల్చమని ఎవరంటారు? కానీ ఆ ఇబ్బందికి మూలం కట్టకముందు కూర్చోకపోవడమే. నా ఓటు భూయాన్‌గారికి.

మన సంఘాలకు ఇందులో ఏం పని అని కొందరు అడుగుతారు. యోనా గ్రంథం చివర నీనెవె పట్టణం గురించి దేవుడు మాట్లాడినప్పుడు అక్కడి మనుషులతో పాటు పశువులనూ లెక్కలోకి తెచ్చాడు. యోనా పట్టించుకోని లెక్క అది. దేవుడు లెక్కపెట్టేదాన్ని మనం వదిలేయలేము. పైగా ఈ పనికి పెద్ద చదువు అక్కరలేదు, కొంచెం ఓపిక చాలు.

ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నప్పుడు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. జరిపేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత వహించేది కలెక్టరు, లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి. ముసాయిదా నివేదికను కలెక్టరేటు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయంలో చూడవచ్చు. దాని సారాంశం తెలుగులో ఉండాలి. సభ అంతా వీడియో తీస్తారు. అక్కడ ఎవరు ఏం మాట్లాడారో తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకం చేయాలి. సభకు రాలేనివారు ముందే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. కోపంగా అరిచిన మాట మినిట్స్‌లో ఒక వాక్యంగా కుంచించుకుపోతుంది. రాసిచ్చిన కాగితానికి మాత్రం తుది నివేదికలో జవాబు చెప్పాలి.

ఆ కాగితంలో ఏం రాయాలంటే: ఏ నెలల్లో సర్వే చేశారు, రాత్రి చూశారా, కెమెరాలు ఎన్ని ఎక్కడ పెట్టారు, మా ఊరి గొర్రెలకాపరులను అడిగారా, పక్కనే వచ్చే క్వారీని, కాలువను కలిపి చూశారా, జంతువులు దాటే మార్గం ఏ కిలోమీటరు దగ్గర పెడుతున్నారు. దీనికి తోడు మన కళ్లతో చూసినదాన్ని జతచేయాలి. ఏ తేదీన, ఏ గుట్ట లేదా ఏ వాగు దగ్గర, ఏ వేళలో ఏ జంతువు కనిపించింది, ఎన్ని, ఎటు నుండి ఎటు పోయింది. ఫోనులో ఫొటో ఉంటే దాన్ని కూడా. యూత్ ఫెలోషిప్ పిల్లలకు ఒక నోటుబుక్కు ఇచ్చి ఏడాది పాటు ఇది రాయించవచ్చు. వానాకాలం పేజీలు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే నివేదికలో అవే ఉండవు. ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.